ఇంజన్ పెట్టెల చెక్కతో కట్టిన ఇల్లు

మా ఆయన ఇంజన్లు బాగుచేసేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఐదారేళ్లకు మా పెద్దపల్లి చుట్టుపక్కల బావుల మీద ఎడ్లతో నీళ్లు తోడే మోటలు ఒక్కొక్కటే ఆగిపోయి, వాటి జాగాలో ఆయిల్ ఇంజన్లు దిగాయి. రైతులు ముచ్చటపడి కొనేవాళ్లు గానీ అవి మొరాయిస్తే ఏం చేయాలో ఎవరికీ తెలిసేది కాదు. మా ఆయన అంతకుముందు ఒక రైస్ మిల్లులో ఇంజన్ దగ్గరే పదేళ్లు పనిచేశాడు. దూరం నుంచి చప్పుడు విని, లోపల ఏది అరిగిందో చెప్పగలిగేవాడు. ఆ పేరు ఊళ్లు దాటి పాకింది. మొదట సైకిల్ వెనక నట్లు విప్పే పానాల సంచి కట్టుకొని చుట్టుపక్కల ఊళ్లకే పోయేవాడు. తర్వాత ఆదిలాబాద్ దిక్కు నుంచి పత్తి రైతుల కబుర్లు రావడం మొదలైంది. పోతే పదిహేను రోజులు, ఒక్కోసారి ఇరవై రోజులు. వచ్చిన నాడు ఒళ్లంతా నూనె మరకలు, మొహం మీద నవ్వు. రెండు రోజులు తిని, పడుకొని, మళ్లీ పోయేవాడు.

అప్పటికి నా పెళ్లయి రెండేళ్లు. ఇంట్లో నేను, మా అత్త. మా మామ నేను కోడలుగా రాకముందే పోయాడు. అత్త పొట్టి మనిషి, గట్టి మనిషి. పొద్దున్నే బర్రె పాలు పిండి, వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గేసి, అరుగు మీద కూర్చొని ఒక చుట్ట కాల్చేది. మాట తక్కువ. నాకేమో మాట్లాడకపోతే అన్నం సహించదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నా నేను గోడతో మాట్లాడినట్టే ఉండేది.

ఒకనాడు పొద్దున వీధి చివర పెద్ద చప్పుడు. కోళ్లు చెల్లాచెదురై ఎగిరాయి. చూస్తే, ముందు ఇద్దరు ముగ్గురు కూర్చోను సీటు, వెనక సామాను వేసుకోను తొట్టి ఉన్న ఒక పాత మోటారు మా వాకిట్లోకి వచ్చి దగ్గి ఆగిపోయింది. అందులోంచి మా ఆయన దిగాడు. దిగాడంటే డ్రైవరు పక్క తలుపు తెరుచుకోదు కాబట్టి, ఆ పక్క నుంచి ఈ పక్కకు సీటు మీద పాకి దిగాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న బండట. కరీంనగర్‌లో ఒక కంట్రాక్టరు దొడ్లో ఏళ్ల తరబడి పడి ఉంటే, తన దగ్గరున్న రెండు పాత ఇంజన్లు ఇచ్చి తెచ్చుకున్నాడు. గీకితే కింద ఇంకా ఆకుపచ్చ రంగు కనిపించేది. సీటు కింద ఎప్పటిదో కోడి పొదిగిన గూడు కూడా ఉండింది.

"ఇగ సైకిల్ తొక్కుడు బంద్," అన్నాడు మా ఆయన, బండి మూతి మీద చెయ్యి వేసి, కొత్తగా కొన్న ఎద్దును నిమిరినట్టు. "పానాలు, సామాను, కావాలంటే ఇంజన్ గుడ దీన్లనే ఏసుకపోవచ్చు."

నేను వెనక తొట్టి చుట్టూ తిరిగి చూశాను. పొడవు నా చేతులతో కొలిచాను. ఒక మంచం పడుతుంది. మంచం పక్కన మనిషి నిలబడను జాగా ఉంటుంది.

"దీన్ల ఇల్లు కట్టొచ్చు," అన్నాను.

"ఏందీ?"

"ఇల్లు. పండుకోను, వండుకోను. నేను గుడ నీతోని వస్త."

ఆయన నవ్వాడు. "ఉన్న ఇల్లు సాలదా నీకు?"

"ఉన్న ఇంట్ల నువ్వుండవు గదా."

ఆయన తల గోక్కున్నాడు. గోక్కున్న చోట నూనె మరక పడింది.

అత్త అరుగు మీది నుంచి అంతా విన్నది. "ఆడది మోటర్ల ఊర్లు పట్టుకొని తిరుగుతదా? లోకం నవ్వదా?" అని ఒక్క మాట అని లోపలికి పోయింది. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మామూలుగానే మాట్లాడదు కనక మా ఆయన ఆ సంగతే గమనించలేదు. నాకు మాత్రం తెలిసింది.

అయినా నేను ఆగలేదు. మా వీధిలోనే వడ్రంగి పని చేసే ఒక వడ్ల తాత ఉండేవాడు. బండి చక్రాలు, నాగళ్లు చేయడంలో ఆయనకు చుట్టుపక్కల సాటి లేదు. ఆయనను పిలుచుకొచ్చాం. ఆయన మోటారు చుట్టూ మూడుసార్లు తిరిగి, టైరును కాలితో తన్ని చూశాడు.

"ఎడ్లు లేని బండికి నేనేం జెయ్యాలె బిడ్డా?"

"కచ్చురానికి కట్టినట్టు పైన గూడు కట్టాలె తాతా," అన్నాను. కచ్చురమంటే పెద్దింటి ఆడవాళ్లు ఎక్కే గూడు బండి. ఆ మాట వినగానే ముసలాయన కళ్లు మెరిశాయి. ఆ ఏడు కచ్చురం పని చెప్పినవాళ్లు ఆయనకు ఒక్కరూ లేరు.

వెదురు బద్దలు వంచి ఏడు కమానులు నిలబెట్టాడు. వాటి మీద వెదురు తడకలు పరిచాం. తడకల మీద డాంబర్ కాచి పూశాం. దాని మీద దళసరి తాడ్పత్రి బిగించి కట్టాం. డాంబర్ పూసే పని నేను కూడా చేస్తానని పట్టుబట్టి, ఎడమ పక్క మూల నేనే పూశాను. నా చీర కుచ్చిళ్ల నిండా డాంబర్ అంటుకున్నది.

మంచానికి కలప కావాలి. కొత్త ఇంజన్లు చెక్క పెట్టెల్లో వచ్చేవి. పెట్టె విప్పినాక ఆ చెక్కలు రైతులు పొయ్యిలో పెట్టుకునేవాళ్లు. మా ఆయన అడిగి అడిగి ఒక ఎనిమిది పెట్టెల చెక్కలు పోగు చేశాడు. తేలికగా, తెల్లగా, ఒక రకమైన తీపి వాసనతో ఉండే కలప. ముసలాయన దాన్ని వాసన చూసి, "ఇది మన దేశం చెట్టు గాదు," అన్నాడు. ఆ చెక్కలతో గోడలకు పలకలు కొట్టాడు, పొడుగుపాటి పెట్టె లాంటి మంచం చేశాడు. మంచం మూత ఎత్తితే లోపల పానాలు, బట్టలు, బియ్యం. మూత వేస్తే పడక. మూత మీద నల్ల సిరాతో పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన ఒక బాణం గుర్తు. ఇంజన్ పెట్టెను తలకిందులు చేయొద్దని రాసిన అక్షరాలవి. ఆ సంగతి తాత ఎరుగడు. అక్షరాలు అందంగా ఉన్నాయని మంచం నడుమకు వచ్చేట్టు బిగించాడు.

తొట్టి వెనక కిందికి దించే ఇనుప తలుపును డాలా అంటారు. దానికి రెండు పక్కలా గొలుసులు వేసి, దించితే చదునుగా నిలబడేట్టు చేశాడు మా ఆయన. అది మా అరుగు అయింది. డీజిలు తెచ్చే డబ్బాల్లో ఒకదాన్ని కడిగి, కింద ఇత్తడి నల్లా బిగించాడు. తిప్పితే నీళ్లు. మా ఊళ్లో అప్పటికి ఏ ఇంట్లోనూ నల్లా లేదు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి ఒక్కొక్కరూ ఒకసారి తిప్పి చూసిపోయారు. తిప్పితే నీళ్లు వచ్చాయి గానీ ఆ నీళ్లు తాగితే డీజిలు తాగినట్టే ఉండేది.

అన్నీ కుదిరాయనుకొని, మేమిద్దరమే జగిత్యాల దిక్కు ఒక ఊరికి బయలుదేరాం. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు తుమ్ము వస్తుంది. రోడ్డు అంతా గుంతలు. మొదటి గుంతకు పొయ్యి పగిలింది. ఇనుప రేకు మీద నేను మట్టితో ముచ్చటగా పెట్టుకున్న పొయ్యి అది. రెండో గుంతకు నీళ్ల కుండ దొర్లింది. మూడో గుంతకు గోడకు కొట్టిన పలక మీద పెట్టిన కారం డబ్బా మూత ఊడి, కారమంతా గాలికి లేచింది. ముందు సీటుకు, వెనక గదికి మధ్య ఒక చిన్న సందు ఉండేది. ఆ సందులోంచి కారం మా మీదికి వచ్చింది. ఇద్దరం తుమ్ములు, దగ్గులు. కళ్లు తెరవలేక ఆయన బండి ఆపాడు. దారిన పోయే ఒక గొర్లకాపరి మమ్మల్ని చూసి, ఎవరో పోయారనుకున్నాడు.

"ఎవలు జచ్చిండ్రు బాంచెన్?" అని అడిగాడు జాలిగా.

మా ఆయన తుమ్ముకుంటూనే, "కారం," అన్నాడు.

ఇక నాకు నవ్వు ఆగలేదు. కళ్లలో కారంతో నవ్వితే ఎట్లా ఉంటుందో నవ్వినవాళ్లకే తెలుస్తుంది. మర్నాడే వెనక్కి తిరిగాం.

ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఒంటి నిండా మట్టి. అత్త వాకిట్లో నిలబడి మమ్మల్ని చూసింది. బండి వెనక్కి పోయి, డాలా దించి, లోపల చూసింది. పగిలిన పొయ్యి, దొర్లిన కుండ, ఎర్రబారిన మంచం. అప్పుడు నవ్వింది. రెండేళ్లలో అత్త గట్టిగా నవ్వగా నేను వినడం అదే మొదలు. పొట్ట పట్టుకొని, డాలా మీద కూర్చొని నవ్వింది.

"ఎవలు జెప్పిండ్రే నీకు కుండను కింద పెట్టుమని? బండి ఎగిరితే కుండ ఎగురదా?"

"మరి ఏడ పెట్టాలె అత్తా?"

"ఏలాడదియ్యాలె."

మర్నాటి నుంచి బండి అత్త చేతిలోకి పోయింది. ఆమె అటక మీది నుంచి పాత నార తాళ్లు దించి, రెండు రోజులు అరుగు మీద కూర్చొని ఉట్లు అల్లింది. ఒకటి నీళ్ల కుండకు, ఒకటి పెరుగు ముంతకు, ఒకటి కారం, ఉప్పు, పసుపు డబ్బాలకు. కమానులకు కట్టి వేలాడదీసింది. నన్ను బండి పట్టుకొని ఊపమంది. ఊపాను. బండి ఊగింది, ఉట్టి తన దారిన తాను ఊగింది, కుండలో నీళ్లు అంచు దాటలేదు.

పొయ్యిని నేల మీద కాకుండా పాత ఇనుప బకెట్‌లో పెట్టింది. మట్టిలో ఊక, పత్తి గింజల తుక్కు కలిపి పిసికి, బకెట్ లోపలి గోడకు పూసి, గాలికి ఒక రంధ్రం వదిలింది. పిడి పట్టుకొని ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోవచ్చు. డీజిలు డబ్బాను చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి, సున్నపు నీళ్లతో ఒకసారి, మొత్తం తొమ్మిది రోజులు తోమింది. పదో రోజు నల్లా కింద దోసిలి పట్టి తాగి, తల ఊపింది. చెక్క మంచం మూతలో నడుమ పలకలు కొన్ని తీయించి, వాటి జాగాలో నులక అల్లించింది. చెక్క మీద పడుకుంటే గుంతలన్నీ నడుముకే తగులుతాయని, నులక సగం దెబ్బ తను తింటుందని చెప్పింది. అక్షరాలూ బాణమూ ఉన్న పలకను మాత్రం తీయనియ్యలేదు. తలాపు వైపు బిగించమంది.

"అది తలకాయ ఎటు పెట్టాలెనో జెప్పేటి గుర్తు," అంది. మా ఆయన నిజం చెప్పబోతే నేను కళ్లతో ఆపాను.

ఉట్టి ముడులు బిగిస్తుండగా ఒకనాడు అడిగాను. "ఇయన్ని నీకెట్ల తెలుసు అత్తా?"

ఆమె చేతులు ఆగలేదు. "మీ మామ ధాన్యం బండి కట్టుకొని నాందేడ్ దాక పోయెటోడు. బండి కింద ఉట్టి కట్టి కుండ ఏలాడదీసి పంపేదాన్ని. అటెనుక బకెట్ పొయ్యి జేసి ఇచ్చిన. పదేండ్లు తిరిగిండు. ప్రతిసారి అన్నీ నేనే సదిరి ఇచ్చిన."

"నువ్వెన్నడు పోలేదా?"

"రమ్మనలే." ముడి లాగి బిగించింది. "నేను అడుగలే."

ఇంకో ఉట్టి అందుకుంది. మోటారు తెచ్చిన నాడు నేను అందరి ముందూ నోరు తెరిచి అడిగిన మాట ఆమె పదేళ్లు లోపలే పెట్టుకున్నది. ఆ రెండు రోజులు మాతో మాట్లాడకపోవడం కోపం కాదని అప్పుడు అర్థమైంది.

పొద్దున మా ఆయనకు చెప్పాను. ఆయన పళ్లు తోముకుంటున్న వేపపుల్ల నోట్లోనే పెట్టుకొని పోయి అత్త ముందు కూర్చున్నాడు.

"అవ్వా, ఇచ్చోడ దిక్కు ఒక పటేల్ ఇంజన్ ఆగింది. ఆయన బిడ్డ పెండ్లి ఉన్నదట, నీళ్లకు పరేషాన్ అయితుండ్రట. దూరం ప్రయాణం. నువ్వు గుడ రావాలె."

"నేనెందుకురా? బర్రెకు ఎవలు నీళ్లు పెడుతరు? ఇంట్ల దీపం ఎవలు పెడుతరు? నా మోకాళ్లు సూసినవా? ఆ బండి నేనెక్కగల్గుతనా?"

"ఉట్లు కట్టినోళ్లు లేకుంటే ఉట్లు తెగుతయ్ అవ్వా."

"ముడి నేనేసిన. తెగది."

అంత ఖచ్చితంగా చెప్పిన మనిషి, మధ్యాహ్నానికల్లా బర్రెను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, చుట్టల కట్ట, రెండు చీరలు, ఒక సకినాల డబ్బా మూట కట్టుకొని డాలా మీద కూర్చొని ఉంది. "ఎప్పుడు పోతమో జెప్పుండ్రి. నాకు తొందరేం లేదు," అంది. మేం పోయేది మర్నాడు పొద్దున.

ముందు సీటులో ముగ్గురం పడతాం. కానీ అత్త అక్కడ కూర్చొని వీధి దాటేలోపే దిగింది. రోడ్డంతా తన మీదికే వస్తున్నట్టుందని, వెనక మంచం మీదే కూర్చుంటానని పట్టుబట్టింది. నేనూ ఆమెతో వెనక్కి చేరాను. డాలా మీది తాడ్పత్రి తెర పైకి చుట్టి కట్టాం. మేమిద్దరం వెనక్కి చూస్తూ కూర్చుంటే, రోడ్డు మా కాళ్ల కింది నుంచి పుట్టి దూరంగా పోతున్నట్టు ఉండేది. కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల. ప్రతి ఊరూ వెళ్లిపోయాకే మాకు కనిపించేది. అత్త ప్రతి చెరువునూ, ప్రతి మామిడి తోటనూ మెడ సాచి చూసేది. ఆర్మూరు దగ్గర ఆగి, డాలా అరుగు మీద జొన్న రొట్టెలు చేశాం. బకెట్ పొయ్యి మీద కాలిన రొట్టె, పచ్చిపులుసు. ఆ పూట తిన్నట్టు మళ్లీ ఎన్నడూ తినలేదు. రాత్రికి అక్కడే పడుకున్నాం. పొద్దున బయలుదేరే ముందు అత్త డాలా తుడిచి, దాని మీద ముగ్గు వేసింది. బండి కదిలిన పావుగంటకే ముగ్గు దుమ్ములో కలిసింది. ఆగిన ప్రతిచోటా మళ్లీ వేసింది.

సోన్ దగ్గర గోదావరి మీద పెద్ద వంతెన ఉంది. మేం వెనక కూర్చొని మాటల్లో ఉండగా చప్పుడు మారింది. బండి కింద ఏదో బోలుగా మోగింది. చూస్తే వంతెన కమ్మీలు వెనక్కి పోతున్నాయి, వాటి కింద నీళ్లు, ఇసుక. చూస్తుండగానే వంతెన అయిపోయింది.

అత్త లేచి నిలబడి ముందు సందులోంచి అరిచింది. "గోదారి వచ్చిందని జెప్పవేందిరా! పోయినంక కండ్ల వడ్డది!"

మా ఆయన బండి ఆపాడు. వచ్చి డాలా దగ్గర నిలబడ్డాడు. తల్లి మొహం చూశాడు. మళ్లీ పోయి స్టీరింగ్ ముందు కూర్చొని, బండిని రివర్సులో పెట్టాడు. వంతెన మీద వెనక్కి వెనక్కి, ఎద్దు నడిచినంత నెమ్మదిగా పోయాం. ఈసారి నది మా ముందుకు వచ్చింది. ఎండలో తళతళ మెరుస్తూ, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా, రెండు పక్కలా అంతూ దరీ లేకుండా. ఎదురుగా వస్తున్న ఒక ఎడ్ల బండాయన మమ్మల్ని చూసి ఎడ్లను ఆపి, "ఏందయ్యా, మర్చిపోయిన్రా ఏమన్న?" అని కేకవేశాడు.

"ఔ, మా అవ్వ గోదారిని మర్చిపోయింది!" అన్నాడు మా ఆయన.

అత్త ఆ మాటలేవీ వినలేదు. రెండు చేతులూ జోడించి నిలబడింది. కొంగు ముడి విప్పి ఒక పసుపు కొమ్ము నీళ్లలోకి విసిరింది. ఆ తర్వాత, "ఇగ నడువ్," అంది. నేను ఆమె మొహం పక్కనుంచి చూశాను. చిన్న పిల్ల మొహంలా ఉంది.

నిర్మల్ దాటాక ఘాట్ ఎక్కుతుంటే బండి ఆవిర్లు కక్కింది. మా తాగే నీళ్లన్నీ నల్లా తిప్పి దానికే తాగించాం. సాయంత్రానికి ఇచ్చోడ అవతల పటేల్ పొలానికి చేరాం.

పటేల్ మంచివాడు, కంగారు మనిషి. మూడు రోజుల్లో బిడ్డ పెళ్లి, బావి లోతు, నీళ్లు తోడే ఇంజన్ చచ్చి ఉంది. మా ఆయన ఆ రోజే చొక్కా విప్పి ఇంజన్ మీద పడ్డాడు. ఊరివాళ్లకు మాత్రం ఇంజన్ పట్టలేదు, మా బండి పట్టింది. మొదట దవాఖానా మోటారనుకున్నారు. ఒక ముసలామె పళ్లు చూపించడానికి నోరు తెరుచుకొని వచ్చింది. సినిమా బండేమో అని కొందరు చాపలు తెచ్చుకొని కూర్చున్నారు. ఇల్లని చెప్తే నమ్మలేదు. అత్త ఒక్కొక్క ఆడమనిషినే డాలా ఎక్కించి, నల్లా తిప్పి చూపి, ఉట్టి ఊపి చూపి, మంచం మూత ఎత్తి చూపి, దించేది. పటేల్ మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. అత్తను "ఆయీ" అని పిలిచాడు. అమ్మా అని. సాయంత్రానికి ఊరు ఊరంతా ఆమెను ఆయీ అనే పిలిచింది.

రెండో రోజు మధ్యాహ్నం ఇంజన్ డుబుడుబుమని మొదలుపెట్టింది. బావి నీళ్లు కాలువలో పడుతుంటే పటేల్ చెప్పులతోనే అందులో నిలబడి నవ్వాడు. పెళ్లి దాకా ఉండాల్సిందే, పోనియ్యనన్నాడు.

పెళ్లి నాటి పొద్దున ఎండ కాచింది. మధ్యాహ్నం దాటాక పడమట నల్లబడింది. చూస్తుండగానే గాలివాన విరుచుకుపడింది. పందిరి మీది తడకలు పక్షుల్లా లేచి చేలల్లో పడ్డాయి. పందిరి గుంజలు ఒరిగాయి. వంట పొయ్యిల్లో నీళ్లు నిండాయి. ఇంటి మీది పెంకులు కొన్ని లేచిపోయి, పెళ్లికూతురును ముస్తాబు చేస్తున్న గదిలోనే ధార పడింది. ఆడవాళ్లు ఒకటే ఏడుపు. పెళ్లికూతురు తడిసిన జుట్టుతో, కొత్త చీర మడతను ఒళ్లో దాచుకొని, మూలకు ఒదిగి కూర్చుంది.

అత్త వానలోనే ఆ ఇంట్లోకి పోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు. తన కొంగు ఆ పిల్ల తల మీద కప్పి, చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చి, మా బండి ఎక్కించింది.

"జర జరుగుండ్రి. పిల్లను ముస్తాబు జెయ్యాలె. మగోళ్లు ఈ దిక్కు రావొద్దు," అంది. తెర దించింది.

లోపల నేను, అత్త, పెళ్లికూతురు, ఆ పిల్ల తల్లి. పైన వాన తాడ్పత్రి మీద డప్పులు కొట్టినట్టు పడుతోంది. కమానులు గాలికి మూలిగాయి గానీ కదలలేదు. ఒక్క చుక్క కారలేదు, నేను డాంబర్ పూసిన ఎడమ మూలలో తప్ప. అత్త ఆ మూలకు ఒక గిన్నె పెట్టి, నా వైపు ఒకసారి చూసింది. బకెట్ పొయ్యిలో నిప్పులు చేసి, దాని పక్కన పిల్ల జుట్టు ఆరబెట్టింది. నేను పసుపు రాశాను. తల్లి ఏడుపు ఆపి పూలు కట్టింది. ఆ పిల్లకు చలి వణుకు తగ్గాక అటూ ఇటూ చూసి, మంచం మీది అక్షరాలను వేలితో తాకింది.

"గిదేంది ఆయీ?"

"తలకాయ గీ దిక్కు పెట్టుకోవాలె అని రాసిన్రు. నువ్వు గుడ అత్తగారింట్ల ఎవ్వలకు తల దించకు," అంది అత్త.

పిల్ల నవ్వింది. ఆ నవ్వు విని బయట ఉన్న ఆడవాళ్లు కూడా నవ్వారు.

గంటకు వాన వెలిసింది. మగపెళ్లివారు వాగు అవతల విడిదిలో చిక్కుకుపోయి ఉన్నారు. వాళ్ల ఎడ్ల బండ్లు బురదలో దిగబడ్డాయి. మా ఆయన పటేల్ దగ్గరికి పోయి, "ఫికర్ జెయ్యకు పటేలా, నేను తోల్కస్త," అని, వధువును దించాక బండి తీసుకొని వాగు దాటాడు. పెళ్లికొడుకును, వాళ్ల అమ్మానాన్నలను, సన్నాయి వాయించేవాళ్లను మా ఇంట్లోనే కూర్చోబెట్టి తెచ్చాడు. డాలా మీద సన్నాయి ఆయన నిలబడి వాయిస్తుంటే, ఉట్లు ఆ పాటకు ఊగుతుంటే, ఆ బండి బురదలోంచి వస్తుంటే ఊరంతా ఎదురుపోయింది. ముహూర్తానికి ముందే పందిరి గుంజలు నిలబెట్టారు. పెళ్లి జరిగింది. అప్పగింతల వేళ పెళ్లికూతురు తల్లిని పట్టుకొని ఏడ్చి, తర్వాత మా అత్తను కూడా పట్టుకొని ఏడ్చింది.

వచ్చేటప్పుడు పటేల్ మాకు రెండు గోనె బోరాల పత్తి పెట్టాడు. "ఆయీకి పరుపు," అన్నాడు. ఆ పత్తి మీద కూర్చొని అత్త ఇంటి దాకా గుంతల్లేని ప్రయాణం చేసింది.

ఇంటికొచ్చిన వారం రోజులు మా అరుగు మీద జనం తగ్గలేదు. అన్నేళ్లు మాట దాచుకున్న మనిషి చుట్ట ఆర్పకుండా, పెళ్లి ముచ్చట చెప్పిందే చెప్పింది. నాకు మాట్లాడను సందు దొరకలేదు. అది అయ్యాక వడ్ల తాతకు కబురు పెట్టింది.

"ఏం గావాలె చెల్లె?"

"కిటికీ గావాలె. ఎప్పుడు సూసినా పోయినయే కనవడుతున్నయ్. వచ్చేటియి గుడ సూడాలె."

తాత బొగ్గు ముక్క ఇచ్చాడు. ఆమె బండి ఎక్కి మంచం మీద కూర్చొని, తన కంటి ఎత్తున పక్క గోడ చెక్క మీద నాలుగు గీతలు గీసింది. తాత కోశాడు. మా ఆయన ఒక పాత మోటారు అద్దం తెచ్చి బిగించాడు. దానికి నేను పూల గుడ్డతో తెర కుట్టాను. అత్త ఆ తెరను ఎన్నడూ మూయలేదు.

ఆ తర్వాత ఏడేళ్లు ముగ్గురం తిరిగాం. నడుమ నాకు బిడ్డ పుడితే నలుగురమయ్యాం. ఆ పిల్ల మంచం అంచు పట్టుకొని, నడుస్తున్న బండిలోనే అడుగులు నేర్చింది. ఉట్నూరు, ఆసిఫాబాద్, నస్పూర్ దాకా ఏ ఊరికి పోయినా, మా బండి చప్పుడు వినగానే జనం రోడ్డు మీదికి వచ్చి మొదట కిటికీ వైపే చూసేవాళ్లు. అందులో అత్త మొహం కనిపించేది, చుట్ట పొగలో. ఇంజన్ బాగుచేసే ఆయన వచ్చాడని ఎవరూ అనేవాళ్లు కాదు. "ఆయీ వచ్చింది," అనేవాళ్లు. మా ఆయన పానాల సంచి భుజాన వేసుకొని, నవ్వుకుంటూ వెనక దిగేవాడు.